రాక్ గట్టిగా వాయించాలంటే లావు స్టిక్సే కావాలా?

నల్గొండ_బీట్:
అన్నలూ, కాలేజీ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తాను, అన్నీ రాక్ పాటలే. 5ఏ సైజు స్టిక్స్ నెల తిరక్కుండానే రెండు జతలు విరిగాయి. షాపాయన "రాక్‌కు లావు సైజు 2బీ తప్ప వేరేది ముట్టొద్దు" అంటున్నాడు. పట్టుకుంటే రోకలిబండలా ఉంది. కొనాలా వద్దా?

మిర్యాలగూడ_బాస్:
కొను. మొన్న వినాయక మండపం దగ్గర ఆరుబయట వాయించాం, డ్రమ్స్‌కు మైకుల్లేవు. నా బాస్ గిటార్ ఆంప్ మోత ముందు మావాడి 5ఏ ఎవరికీ వినపడలేదు. 2బీ పట్టాక టామ్ డ్రమ్‌లు మోగాయి. సన్న పుల్లలతో రాక్ ఏంది?

పాలమూరు_సారు:
బడిలో ఫిజిక్స్ చెప్తాను, ఆదివారం చర్చిలో డ్రమ్స్ వాయిస్తాను. 5ఏ మందం సుమారు 14.4 మిల్లీమీటర్లు, 2బీ 16. (మామూలుగా అంకె తగ్గితే కర్ర లావవుతుంది, కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు.) ఒకే రకం కర్రయితే 2బీ బరువు దాదాపు నాలుగో వంతు ఎక్కువ. దెబ్బలో శక్తీ అంతే పెరుగుతుంది. అదే వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలు. బరువుకు మణికట్టు మందగించిందా, లావు కర్ర లాభం అక్కడే పోయింది.

దేవరకొండ_డప్పు:
సారూ, మా డప్పు చూడండి. కుడిచేతిలో సిర్ర, పొట్టిగా లావుగా. ఎడమచేతిలో సిటికెన పుల్ల, సన్నగా పొడుగ్గా. సిర్ర దెబ్బ గుమ్మంటుంది, పుల్ల దెబ్బ చురుక్కుమంటుంది. మందం మారితే చప్పుడు పెరగడం ఒక్కటే కాదు, చప్పుడే వేరవుతుంది. మీ లెక్కలో అది రాలేదు.

పాలమూరు_సారు:
నిజమే, రాలేదు. స్నేర్ డ్రమ్ మీద లావు కర్ర మోత నిండుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ తమ్ముడి బాధ మోత కాదు కదా, విరగడం. తమ్ముడూ, ఎక్కడ విరిగాయి? నడిమధ్య అయితే రిమ్‌షాట్ల (డ్రమ్ తోలుకూ అంచుకూ ఒకేసారి తగిలే దెబ్బల) పని, అక్కడ మందం ఆదుకుంటుంది. మొన వైపు సన్నబడే చోట అయితే సింబల్ (లోహపు పళ్లెం) అంచు కొరుకుతున్నట్టు. సింబల్‌ను కొంచెం నీ వైపు వంచు, పైన నట్టు బిగించెయ్యకుండా ఊగనివ్వు. లేకపోతే 2బీకీ అదే గతి, నాలుగు రోజులు ఆలస్యంగా.

మిర్యాలగూడ_బాస్:
స్టేజీ ఎక్కినోడు నట్లు చూసుకుంటాడా సార్!

పాలమూరు_సారు:
ఎక్కేముందు చూసుకోవాలి. ఇంకోటి, చెక్కల్లో మేపుల్ వద్దు, తేలిక, రిమ్‌షాట్లకు ఆగదు. ఓక్ గట్టిదే గానీ బరువు. హికరీ అదురును కొంత మింగుతుంది, చేతికి హాయి. షాపులో బల్ల మీద దొర్లించి చూడు, వంకరుంటే ఎగిరెగిరి పడుతుంది. రెండు కర్రలనూ తట్టి విను, ఒకే శ్రుతి పలకకపోతే జత మార్చమను.

నల్గొండ_బీట్:
విరిగిన ముక్కలు తీసి చూశాను. నాలుగింట్లో మూడు మొన వైపే పోయాయి సార్. క్రాష్ సింబల్‌ను నా మెడ ఎత్తులో బల్ల పరిచినట్టు పెట్టుకున్నాను. దించి వంచాను. 5బీ హికరీ తెచ్చుకున్నాను, సుమారు 15 మిల్లీమీటర్లు. జతలు దొర్లించి చూస్తుంటే షాపాయన మొహం మాడ్చుకున్నాడు.

మిర్యాలగూడ_బాస్:
5బీ అంటే ఇటూ కాదు అటూ కాదు. ఆరుబయట ప్రోగ్రాం పడ్డప్పుడు పిలువు తమ్మీ, నా ఆంప్ తెస్తా.