ఇమిడా మందు చేపను చంపదు. మరి షింజిలో చేపలెందుకు తగ్గాయి?

కాలువగట్టు:
జపాన్‌లోని షిమానే ప్రాంతంలో షింజి అని ఒక సరస్సు ఉంది. దాని చుట్టుపక్కలంతా వరి పొలాలే. 2019లో మసుమి యమమురో బృందం ఈ సరస్సు మీద ‘సైన్స్’ అనే పత్రికలో ఒక పేపర్ వేసింది. అందులో చెప్పిందేమిటంటే, జపాన్ వరి రైతులు ఇమిడాక్లోప్రిడ్ (మనం ఇమిడా అనే పురుగుమందు) వాడటం మొదలుపెట్టాక వచ్చిన తొలి నాట్ల కాలం, 1993 మే నుంచే సరస్సులో జంతు ప్లవకాలు, అంటే నీళ్ళలో తేలే సన్నని జీవులు, కుప్పకూలాయి. వసంతకాలపు సగటు చూస్తే 83 శాతం తగ్గుదల. వాటిని తిని బతికే వకసాగి అనే చిన్న చేప ఏడాదికి సగటున 240 టన్నులు పడేది, 22 టన్నులకు వచ్చింది. పాములా పొడుగ్గా ఉండే ఈల్ చేప 42 టన్నుల నుంచి 11 టన్నుల లోపుకి దిగింది.

మన డెల్టాల్లోనూ వరికి ఇదే మందు కొడుతున్నాం. డ్రెయిన్లన్నీ చివరికి కొల్లేటికో సముద్రానికో పోతాయి. వరిలో ఈ మందు ఆపేయాలన్నది నా అభిప్రాయం. మీరేమంటారు?

మూడెకరాల కౌలు:
ఏసీ గదిలో కూర్చుని ఆపేయమనడం తేలికండీ. నేను చిన్నప్పుడు ఎండోసల్ఫాన్ చూశాను. మా నాన్న పొద్దున మందు కొడితే సాయంత్రానికి బోదెలో పరిగెలు, జెల్లలు తెల్లగా తేలేవి. ఇమిడా వచ్చాక అలా తేలడం నేనైతే చూడలేదు. చేపకి ఏమీ కాని మందు దొరికిందని సంతోషించాం. ఇప్పుడు దాని మీదా పడ్డారా?

సినాప్స్:
అన్నా, మీరు చూసింది నిజమే. మీరు చూసిందీ పేపర్ చెప్పిందీ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. నేను నాడీ కణాల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఒక నాడీ కణం నుంచి ఇంకో కణానికి కబురు అందాలంటే మధ్యలో సన్నని సందు దాటాలి. మొదటి కణం ఎసిటైల్‌కొలీన్ అనే పదార్థాన్ని ఆ సందులోకి వదులుతుంది. అవతలి కణం మీద దాన్ని పట్టుకునే రిసెప్టర్ ఉంటుంది. పట్టుకోగానే చిన్న ద్వారం తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది, కబురు అందుతుంది. ఆ వెంటనే ఒక ఎంజైమ్ వచ్చి ఎసిటైల్‌కొలీన్‌ను ముక్కలు చేసి చోటు ఖాళీ చేస్తుంది. ఇదంతా మిల్లీసెకన్లలో అయిపోతుంది.

ఇమిడాక్లోప్రిడ్ అదే రిసెప్టర్ మీద కూర్చుంటుంది. కానీ ఆ ఎంజైమ్ దీన్ని ముక్కలు చేయలేదు. కాలింగ్ బెల్ నొక్కి వేలు తీయనట్టు ఉంటుంది వ్యవహారం. పురుగు వణికి, వణికి, చచ్చుబడిపోతుంది. పొగాకులోని నికోటిన్ చేసేదీ ఇదే పని. పేనుబంకకి మన పెద్దవాళ్ళు కొట్టిన పొగాకు కషాయం గుర్తుందా? దాని దూరపు చుట్టమే ఈ మందు. ఒక తేడా ఉంది. నికోటిన్ మన రిసెప్టర్లనూ గట్టిగానే పట్టుకుంటుంది. ఇమిడా అలా కాదు, పురుగు రిసెప్టర్‌కి బాగా అతుక్కుంటుంది, చేపకీ మనిషికీ ఉన్నవాటికి వదులుగా అంటుకుంటుంది. అందుకే మీ బోదెలో చేప తేలలేదు.

కానీ చేప తినేది పురుగునే కదా. షింజిలో జరిగింది విషప్రయోగం కాదు, పస్తు అని పేపర్ వాదన. అడుగు బురదలో ఎర్రగా మెలికలు తిరిగే ఒక పెద్ద ఈగజాతి పిల్లపురుగులు అక్కడ 1982లో దండిగా ఉండేవి. 2016లో మళ్ళీ వెతికితే ఆ పెద్ద జాతిది ఒక్కటీ దొరకలేదు.

లెక్కలమాస్టారు:
రిటైరైన స్టాటిస్టిక్స్ లెక్చరర్‌ని, చాదస్తం అనుకోకండి. ఒకే సరస్సు, ఒకే మలుపు. 1993కి ముందు ఎక్కువ, తర్వాత తక్కువ. ఆ ఏడాది ఇంకేం మారినా ఈ గ్రాఫ్ అలాగే కనిపిస్తుంది. ప్రయోగం చేసి నిరూపించింది కాదిది, పాత రికార్డుల్లోంచి ఏరినది.

పైగా షింజి మంచినీటి సరస్సు కూడా కాదు. సముద్రపు నీరు కొంచెం కలిసి లేత ఉప్పగా ఉంటుంది, అక్కడ గుల్లలు కూడా ప్రసిద్ధి. దాన్ని తెచ్చి మన చెరువుకి అతికిస్తే ఎలా? షిరావువో అని అద్దంలా పారదర్శకంగా ఉండే చేప ఒకటి అదే సరస్సులో ఉంది, దాని పట్టుబడి ఇలా పడిపోలేదు. దానికేమంటారు?

సినాప్స్:
దాని తిండి వేరు, నాచు లాంటి వృక్ష ప్లవకాలూ తింటుంది కాబట్టి తట్టుకుందని వాళ్ళ వివరణ. నాకైతే అది వాదనకి బలమే. ఉప్పదనమో వేడో కారణమైతే అన్ని చేపలకీ తగలాలి. పురుగు తినేదానికి తగిలి, నాచు తినేది తప్పించుకుందంటే మధ్యలో పోయింది పురుగే అనిపిస్తుంది. ఒకే సరస్సు అన్న మాట మాత్రం ఒప్పుకుంటాను మాస్టారూ. నెదర్లాండ్స్ కాలువల్లోనూ ఇమిడా ఎక్కువున్నచోట నీటి పురుగులు తక్కువని 2013లో ఒక పేపర్ వచ్చింది. అదీ పరిశీలనే, ప్రయోగం కాదు.

నన్ను కలవరపెట్టేది వేరే విషయం. నీటి జీవుల మీద మందు పరీక్షకి మామూలుగా డాఫ్నియా అనే చిన్న నీటి జీవిని వాడతారు. అది ఇమిడాకి చలించదు, లీటరుకి పదుల మిల్లీగ్రాములు పోస్తే గానీ పడదు. మేఫ్లై పిల్లపురుగులకి మాత్రం లీటరుకి ఒక మైక్రోగ్రామ్ కన్నా తక్కువే చాలు, కొన్నాళ్ళు అందులో ఉంటే దెబ్బతింటాయి. (మేఫ్లైలంటే వాన పడ్డాక దీపం దగ్గర రాలే ఉసిళ్ళు కావు, వీటి బాల్యమంతా నీళ్ళలోనే.) మొండి ఘటం మీద పరీక్ష చేసి అందరికీ సేఫ్ అని రాసుకున్నట్టయింది.

కాలువగట్టు:
యూరప్‌లో 2018లోనే ఆరుబయట వాడకం నిషేధించారు. ఇంకెందుకు చర్చ?

లెక్కలమాస్టారు:
తొందర వద్దు బాబూ. యూరప్ నిషేధించింది తేనెటీగల కోసం, చేపల కోసం కాదు. నీటి పురుగుల పేరు చెప్పి ఆపేస్తామని 2016లో ప్రతిపాదించిన దేశం కెనడా. వాళ్ళే 2021లో వెనక్కి తగ్గి ఆంక్షలతో సరిపెట్టారు. ఒకే దేశం, రెండు రకాల తీర్పులు.

మూడెకరాల కౌలు:
మీ గొడవలో అసలు సంగతి ఎవరూ అడగలేదు. వరి రసం పీల్చే సుడిదోమ మీద ఇమిడా ఎప్పుడో పని చేయడం మానేసింది. డీలర్ ఇప్పుడు డైనోటెఫ్యూరాన్ ఇస్తున్నాడు, లేదంటే పైమెట్రోజిన్, డబ్బులుంటే ట్రైఫ్లుమెజోపైరిమ్. అవి మంచివా?

సినాప్స్:
డైనోటెఫ్యూరాన్ ఇమిడా కుటుంబమే. ట్రైఫ్లుమెజోపైరిమ్ కూడా అదే రిసెప్టర్ మీద పడుతుంది, కాకపోతే బెల్ మోగించకుండా తీగ కోసేస్తుంది. పైమెట్రోజిన్ వేరే నాడుల మీద పని చేస్తుంది, దోమ మొక్కలోంచి రసం పీల్చలేక ఆకలితో చస్తుంది. మొత్తం మీద అన్నీ నాడుల మందులే అన్నా.

మూడెకరాల కౌలు:
అయితే ఇమిడా ఒక్కటి ఆపి ఏం లాభం? ఇంకోటి చెప్తాను వినండి. దోమ పడితే ముందు మడిలో నీళ్ళు తీసేసి, మొదళ్ళు తడిసేలా కొట్టమంటారు. కొట్టాం. రెండో రోజుకి వాన. మడిలో ఉన్నదంతా గండి గుండా డ్రెయిన్‌లోకే. మరుసటి రోజు చూస్తే బోదెలో నీటి మీద కాళ్ళు చాపి జారే పురుగులు ఒక్కటి లేవు. మందుకే పోయాయో, వాన వడికి కొట్టుకుపోయాయో నాకు తెలీదు. మాస్టారు అడుగుతారని ముందే చెప్తున్నా.

వరి వరుసల మధ్య కాలిబాటలు తీయడం, యూరియా తగ్గించడం, మారుటేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ళ ఇంద్ర లాంటి దోమని తట్టుకునే రకం వేయడం, ఇవన్నీ చేసి చూశాను. మందు రెండు దఫాల నుంచి ఒకటికి తగ్గింది, సున్నాకి మాత్రం రాలేదు. ఈ దాళ్వాకి (రెండో పంటకి) డ్రెయిన్ పక్క మడి ఒకటి మందు లేకుండా వదులుదామనుకుంటున్నా. చేపల చెరువుల వాళ్ళ దగ్గర ప్లాంక్టన్ (ప్లవకాలు) చూసే వల ఉంటుందట, ఎవరైనా ఇస్తారా?

కాలువగట్టు:
భీమవరం వైపు వస్తే నాది పట్టుకెళ్ళండి. అడుగు కాస్త చిరిగింది, కుట్టించుకోవాలి.

లెక్కలమాస్టారు:
ఒక్క మడితో ఏమీ తేలదు. కనీసం మందు లేనివి మూడు, కొట్టినవి మూడు ఉండాలి.

మూడెకరాల కౌలు:
ఆ మూడింటికీ కౌలు మీరు కడతారా మాస్టారూ?