అప్‌డేట్: గృహప్రవేశం వీడియోలో పాప ముఖం మసక చేయడం – పని అయిపోయింది

వైట్‌ఫీల్డ్‌లో మా గృహప్రవేశం వీడియో గురించి అడిగాను కదా: పక్కింటివాళ్ల పాప ముఖం కనపడకూడదు, కానీ పాప పరిగెత్తగానే బ్లర్ వెనకబడిపోతోందని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఉచిత వెర్షనే చాలు. కలర్ పేజీలో ముఖం చుట్టూ సర్కిల్ విండో (బ్లర్ పడాల్సిన చోటిని చూపే గుండ్రటి గీత) గీసి, అంచులు కాస్త మెత్తబరిచి, ట్రాకర్‌తో (కదిలేదాని వెంట విండోని నడిపించే టూల్) ముందుకీ వెనక్కీ ట్రాక్ చేయించి, ఆ తర్వాత బ్లర్ రేడియస్ పెంచాలి. చిక్కల్లా పాప అరటి పిలక వెనక్కి వెళ్లినచోటే వచ్చింది. ట్రాకర్ ముఖాన్ని వదిలేసి ఆకును పట్టుకుంది! అక్కడ ట్రాకర్‌ని క్లిప్ మోడ్ నుంచి ఫ్రేమ్ మోడ్‌కి మార్చి, విండోని చేత్తో జరిపితే కీఫ్రేములు (ఏ ఫ్రేములో విండో ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) వాటంతటవే పడ్డాయి. ఓపిక కావాలి, అంతే.

ర్యామ్ పెంచమన్నారు గానీ, దాని అవసరం రాలేదు. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేట్ మారుతూ ఉంటుంది కాబట్టి ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో స్థిరమైన రేటుకి మార్చమన్న సలహా మంచిదే, అయితే నా సమస్యకి కారణం అది కాదు.

కారు నంబర్ ప్లేటుకి మాత్రం బ్లర్ వద్దనుకున్నాను. పలచటి మసకలోంచి అంకెలు ఊహించొచ్చు, అందుకే నల్లరంగుతో పూర్తిగా కప్పేశాను. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే అది కూడా అసలు ఫైల్లో ఉంటుంది, కాబట్టి దాన్ని ఎవరికీ పంపలేదు. ఎక్స్‌పోర్ట్ చేసిన కాపీనే గ్రూపులో పెట్టాను, పాప వాళ్లమ్మకి ముందు చూపించాకే.