అప్‌డేట్: ఉకులేలేలో సా కింది స్వరాలు పైకి పలికే సమస్య తీరింది

ఉకులేలే (గిటార్ లాంటి నాలుగు తీగల చిన్న వాద్యం) మీద సీ మేజర్ స్కేల్ (సీ స్వరమే సా అయ్యే స్వరాల వరస) నేరుగా బాగానే వస్తోంది, వరసలు మార్చి వాయిస్తూ సా కింది ని, ద, ప లకు దిగితే అవి పై స్థాయిలో పలుకుతున్నాయి, తీగ పాడైందా అని రెండు నెలల క్రితం అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.

తీగ పాడవలేదు. విజయనగరంలో మా వీధిలో వయొలిన్ నేర్పే మాస్టారు ఒక్కో తీగా మీటి జీ తీగ దగ్గర ఆగారు. "ఇది సీ కన్నా పైనుందమ్మా, ఇంక కిందికెలా దిగుతావు?" అన్నారు. నిజమే, మామూలు ట్యూనింగ్‌లో జీ 392 హెర్ట్జ్, సీ దాదాపు 262. మీలో ఒకరు చెప్పిన లో-జీ తీగ (అదే జీని ఒక స్థాయి కింద పలికించేది) వేశాను, అది 196. ఇప్పుడు ఖాళీ తీగ మీద ప, రెండో ఫ్రెట్‌లో (తీగ కింద ఉండే మెట్టు) ద, నాలుగో ఫ్రెట్‌లో ని హాయిగా పలుకుతున్నాయి. కొత్త ట్యూనర్ (శ్రుతి చూసే పరికరం) కొనడం మాత్రం అనవసరపు ఖర్చే.

వరసలు మార్చేటప్పుడు వచ్చే వేళ్ల తడబాటుకి మాస్టారి మందు దాటు వరసలు (మధ్య స్వరం దాటేసి వాయించేవి): సగ, రిమ, గప, మద. సీ మేజర్ అంటే మన శంకరాభరణం స్వరాలే కదా! రిమ దగ్గర రి మధ్యవేలితో, మ చూపుడువేలితో పట్టాక చిక్కు విడిపోయింది. మెట్రోనోమ్ (తాళం వేసే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీదే వాయిస్తున్నాను.