ఉగాది వేడుక: ఎముక మజ్జ దాతల నమోదు స్టాల్, పనుల పంపకం

ఆరోగ్య విభాగం సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో జరిగే మన వేడుకలో ఈసారి బీపీ, షుగర్ పరీక్షల పక్కనే ఎన్ఎండీపీ రిజిస్ట్రీకి (అమెరికాలో మజ్జ, మూలకణాల దాతల జాబితా) దాతల నమోదు కూడా పెట్టడానికి కార్యవర్గం ఒప్పుకుంది. స్టాల్‌లో కూర్చునేవారికి విషయం తెలిసి ఉండాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అనే జబ్బు ఉంది, డాక్టర్లు ఎండీఎస్ అంటారు. రక్తాన్ని తయారుచేసే ఎముక మజ్జలోని మూలకణాలు చెడి, రక్తకణాలు సరిగా ఎదగకుండానే నశిస్తాయి. ఎక్కువగా పెద్ద వయసువారిలో వస్తుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, వయసు మీద పడిందిలే అని మనవాళ్లు ఐరన్ మాత్రలతో సరిపెట్టుకుంటారు. దాదాపు మూడోవంతు మందిలో ఇది అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌గా ముదురుతుంది. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి అజాసిటిడిన్ వంటి మందులు కొంతకాలం అదుపునిస్తాయి. పూర్తిగా నయం చేయగలిగేది మూలకణాల మార్పిడి, అంటే దాత ఇచ్చిన మూలకణాలను రోగికి ఎక్కించడం ఒక్కటే.

దానికి దాత కణజాల రకం రోగితో సరిపోవాలి. తోబుట్టువు సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. బయటి దాత దొరకడం గురించి 2014లో అమెరికా రిజిస్ట్రీ లెక్కలతో ఒక అధ్యయనం వచ్చింది. పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం యూరప్ మూలాలవారికి 75 శాతం, దక్షిణాసియావారికి 33 శాతం. నన్ను నిద్రపోనివ్వని అంకె ఇది. మన పిల్లలు పేర్లు నమోదు చేసుకుంటే తప్ప ఇది మారదు.

ప్రచార విభాగం:
బ్యానర్ నమూనా సిద్ధం చేశాను. పైన పెద్ద అక్షరాల్లో "రక్తహీనత ఉందా? బ్లడ్ క్యాన్సర్ కావచ్చు!" అని పెట్టాను. చూసి చెప్పండి.

హెమటాలజీ నర్సు:
అక్కా, ఆ మాట తీసేయండి, దయచేసి. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు అది చదివి రాత్రంతా కుమిలిపోతారు. రక్తహీనతకు కారణాలు చాలా ఉంటాయి. మనలో శాకాహారులూ ఉన్నారు, వారిలో బీ12 విటమిన్ లోపం మామూలే. అది ముదిరితే మజ్జ పరీక్షలో కూడా ఎండీఎస్‌లాగే కనిపించవచ్చు, అందుకే ముందు బీ12 చూస్తారు. థలసీమియా మైనర్ (వంశపారంపర్యంగా వచ్చే స్వల్ప రక్తహీనత) ఉన్నవాళ్లు కూడా అడుగుతారు: అది లుకేమియాగా మారదని ధైర్యంగా చెప్పండి.

ఎండీఎస్ తేలినా అందరి ముప్పూ ఒకటి కాదు. మజ్జలో బ్లాస్ట్ కణాల (ఎదగని రక్తకణాల) శాతం, క్రోమోజోముల మార్పులు, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) కలిపి స్కోరు వేస్తారు. 2022 నుంచి జన్యు మార్పులను కూడా లెక్కలోకి తీసుకునే స్కోరు వచ్చింది. తక్కువ స్కోరు ఉన్నవారిలో చాలామంది ఏళ్ల తరబడి మామూలుగా బతుకుతారు. స్టాల్‌లో ఎవరూ రిపోర్టు చూసి జోస్యం చెప్పకూడదు. "రక్తహీనత తగ్గకపోతే కారణం తెలుసుకోండి" అని రాస్తే చాలు.

యువజన విభాగం:
అన్నా, మజ్జను వెన్నులోంచి తీస్తారా అని పిల్లలు భయపడుతున్నారు. ఏం చెప్పమంటారు?

ఆరోగ్య విభాగం సమన్వయకర్త:
వెన్నుపూస జోలికే వెళ్లరు తమ్ముడూ. ఆ రోజు చెంప లోపల దూదిపుల్లతో రుద్దుతారు, అంతే. ఎప్పుడైనా ఎవరికైనా సరిపోతే, చాలామంది నుంచి చేతి రక్తం ద్వారానే మూలకణాలు సేకరిస్తారు. దానికి ముందు ఐదు రోజులు ఇంజెక్షన్లు ఉంటాయి, ఒళ్లునొప్పులు వస్తాయి, ఆ సంగతి దాచవద్దు. కొద్దిమందికి మాత్రం మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉందాం. స్నేహితుల కోసమో, టీషర్టు కోసమో ఎవరినీ చేర్చవద్దు. మార్పిడికి ముందు రోగి మజ్జను మందులతో నిర్మూలిస్తారు. ఆ దశలో దాత వెనక్కి తగ్గితే ప్రాణమే పోవచ్చు. ఇంట్లో మాట్లాడుకుని వచ్చినవారే రాయించుకోవాలి. వయసు 18 నుంచి 40 లోపు ఉండాలి. 35 లోపువారిని ఎక్కువగా ఎంచుకుంటారు కాబట్టి కాలేజీ పిల్లల మీద దృష్టి పెట్టండి.

నర్సు గారి మాటే బ్యానర్‌కు ఖాయం. పంచాంగ శ్రవణం ముగిశాక వేదిక మీద రెండు నిమిషాలు ఆవిడే మాట్లాడతారు. ఫారాలు నింపించడానికి తెలుగు, ఇంగ్లిష్ రెండూ బాగా వచ్చినవారు నలుగురు కావాలి. భోజనాల వేళ స్టాల్ ఖాళీగా ఉండకూడదు. ఆ సమయానికి ఎవరు నిలబడతారో ఇక్కడే రాయండి.