బుకోల్జ్ ట్రిప్ వచ్చాక 86 (లాకౌట్ రిలే) రీసెట్ చేసి వెంటనే చార్జ్ చేయొచ్చా?

కొత్త షిఫ్ట్:
అందరికీ నమస్కారం. ఒక ఫ్యాక్టరీలో 33/11 కేవీ సబ్‌స్టేషన్ షిఫ్ట్ చూస్తున్నాను, చేరి ఎక్కువ కాలం కాలేదు. మొన్న రాత్రి గట్టి వర్షంలో ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్ అయింది. 33 వైపు బ్రేకర్, 11 వైపు ఇన్‌కమర్ రెండూ ఒకేసారి పడిపోయాయి. బుకోల్జ్ (ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఫాల్ట్‌ని నూనెలో వచ్చే గ్యాస్‌తో పసిగట్టే రిలే) ట్రిప్ విండో వెలిగింది, 86 అని రాసి ఉన్న రిలేలో ఫ్లాగ్ పడింది. క్లోజ్ కమాండ్ ఇస్తే బ్రేకర్ అసలు కదల్లేదు. ప్రొడక్షన్ వాళ్ల నుంచి ఒకటే ఫోన్లు. సీనియర్ ఒకాయన వచ్చి 86 రీసెట్ చేసి క్లోజ్ చేశారు, నిలబడింది. కానీ నాకు అప్పట్నుంచి టెన్షన్‌గానే ఉంది. అలా చేయొచ్చా? బుకోల్జ్ కాంటాక్టే నేరుగా ట్రిప్ కాయిల్‌కి ఇస్తే పోయేదానికి మధ్యలో ఈ 86 ఎందుకు?

రిలే టెస్టింగ్:
తమ్ముడూ, నిలబడింది కాబట్టి సరిపోయింది అనుకోవద్దు. మీ సీనియర్ చేసింది తప్పు, ఇది గట్టిగానే చెప్తున్నా.

ముందు ఫాల్ట్ సంగతి చూడు. ఓవర్‌హెడ్ లైన్ మీద ఎక్కువసార్లు కొమ్మ తగిలో, పిట్ట తగిలో, పిడుగు పడో ఫాల్ట్ వస్తుంది, సప్లై ఆగగానే ఆర్క్ ఆరిపోతుంది, మళ్లీ చార్జ్ చేస్తే నిలబడుతుంది. అందుకే లైన్లకు ఆటో రీక్లోజ్ పెడతారు. ట్రాన్స్‌ఫార్మర్ లోపల వైండింగ్‌లో వచ్చిన ఫాల్ట్ అలా దానంతటది పోదు. బస్‌బార్ ఫాల్ట్ కూడా అంతే, ఎవరైనా వెళ్లి చూసేదాకా దాన్ని నమ్మడానికి లేదు. ఇలాంటి చోట్ల, మనిషి వెళ్లి చూసి, చేత్తో రీసెట్ చేసేదాకా ఎవరు ఎక్కడి నుంచి క్లోజ్ నొక్కినా బ్రేకర్ క్లోజ్ కాకూడదు అని పెట్టిందే 86. డిఫరెన్షియల్ (రెండు వైపుల కరెంట్ల తేడా చూసేది), ఆర్‌ఈఎఫ్ (వైండింగ్‌లో ఎర్త్ ఫాల్ట్ చూసేది), బుకోల్జ్, ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ లాంటివన్నీ దాని కాయిల్‌కే వస్తాయి. ఫీడర్ ఓవర్‌కరెంట్, అండర్ వోల్టేజ్ మామూలుగా దానికి ఇవ్వరు. ట్రాన్స్‌ఫార్మర్ బ్యాకప్ ఓవర్‌కరెంట్‌ని కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు, మీ డ్రాయింగ్ చూసుకో.

ఇక నేరుగా ట్రిప్ కాయిల్‌కి ఎందుకు ఇవ్వరంటావా, బుకోల్జ్‌లో ట్రిప్‌కి ఉండేది సాధారణంగా ఒక్క కాంటాక్ట్. నీకు అవసరమైనవి చూడు: 33 బ్రేకర్ ట్రిప్, 11 బ్రేకర్ ట్రిప్, రెండింటి క్లోజింగ్ సర్క్యూట్ తెగ్గొట్టడం, అలారం, ఎల్‌బీబీ (బ్రేకర్ ట్రిప్ కాకపోతే వెనక బ్రేకర్లను పడేసే ప్రొటెక్షన్) ఉంటే దానికి ఇనిషియేషన్. ఆ చిన్న కాంటాక్ట్ ఇన్ని పనులు చేయలేదు, ట్రిప్ కాయిల్ కరెంటును పదేపదే మోయలేదు కూడా. 86 ఒక్క ఇన్‌పుట్ తీసుకుని బోలెడు గట్టి కాంటాక్టుల్ని ఒకేసారి కదిలిస్తుంది, దాదాపు 10 మిల్లీసెకన్లలో. మీ బ్రేకర్ క్లోజ్ కాకపోవడానికి కారణం కూడా ఇదే, మామూలప్పుడు మూసి ఉండే దాని కాంటాక్ట్ ఒకటి క్లోజింగ్ కాయిల్ సర్క్యూట్‌లో సిరీస్‌లో ఉంటుంది, 86 ఆపరేట్ కాగానే అది తెరుచుకుంటుంది.

ఇంకోటి గుర్తుపెట్టుకో. చేత్తో తిప్పి రీసెట్ చేసే రోటరీ రకం ఎలుకల బోను లాంటిది. నువ్వు హ్యాండిల్ తిప్పి రీసెట్ చేసినప్పుడే స్ప్రింగ్ బిగుస్తుంది, కాయిల్ చేసేదల్లా గొళ్లెం తీయడం. అందుకే ఆపరేట్ అయ్యాక డీసీ మొత్తం పోయి మళ్లీ వచ్చినా అది ఆపరేట్ అయిన స్థితిలోనే ఉంటుంది. ఫ్లాగ్ ఉండే ఆర్మేచర్ రకంలోనూ మెకానికల్ లాచే పట్టుకుంటుంది.

ప్యానెల్ వైరింగ్:
పైన అన్న చెప్పింది కరెక్ట్, కాయిల్ గురించి రెండు ముక్కలు కలుపుతాను, ఎందుకంటే సైట్లలో ఎవరూ పట్టించుకోనిది అదే.

86 కాయిల్ కావాలనే ఎక్కువ పవర్ తీసుకునేలా చేస్తారు. సబ్‌స్టేషన్‌లో కంట్రోల్ కేబుళ్లు పొడవుగా ఉంటాయి, వాటి కెపాసిటెన్స్ తక్కువేం కాదు, డీసీ ఎర్త్ ఫాల్ట్ వస్తే ఆ చార్జ్ కాయిల్ గుండా పోతుంది. సున్నితమైన రిలే అయితే ఊరికే ఆపరేట్ అయి ట్రాన్స్‌ఫార్మర్‌ని పడేస్తుంది. ఎక్కువ పవర్ అడిగే కాయిల్‌ని ఆ కాస్త చార్జ్ కదిలించలేదు. అయితే అంత కరెంటు కాయిల్‌లో ఎక్కువసేపు పారితే కాలిపోతుంది, అందుకని రిలే ఆపరేట్ కాగానే దాని సొంత కాంటాక్టే కాయిల్‌ని సర్క్యూట్ నుంచి తప్పిస్తుంది. మెకానిజం దుమ్ముపట్టి సగంలో ఇరుక్కుంటే ఈ కట్-ఆఫ్ కాంటాక్ట్ తెరుచుకోదు, కాయిల్ కాలిపోతుంది, బ్రేకర్ కూడా ట్రిప్ కాదు. ఏడాదికోసారి షట్‌డౌన్‌లో 86ని నిజంగా ఆపరేట్ చేసి ప్రతి కాంటాక్ట్ మల్టీమీటర్‌తో చూడాలి. డిఫరెన్షియల్ రిలేని టెస్ట్ కిట్‌తో బాగా టెస్ట్ చేసి 86ని వదిలేసే సైట్లు చాలా ఉన్నాయి, ఆ ఒక్క కాయిల్ ఓపెన్ అయి ఉంటే మిగతా ప్రొటెక్షన్ ఎంత బాగున్నా దండగే.

అందుకే 86 కాయిల్‌కి సూపర్‌విజన్ ల్యాంప్ (కాయిల్ తెగిపోలేదని చూపేది) ఉండాలి. మీ ప్యానెల్లో ఉందో లేదో రేపే చూడు. ట్రిప్ సర్క్యూట్ హెల్దీ ల్యాంప్ వేరు, అది బ్రేకర్ ట్రిప్ కాయిల్‌ని మాత్రమే చూస్తుంది.

కొత్త షిఫ్ట్:
చాలా థ్యాంక్స్ అన్నా. చూశాను, 86కి ల్యాంప్ లేదు. ఇంకో సందేహం. మా కొత్త ప్యానెల్లో న్యూమరికల్ రిలే (మైక్రోప్రాసెసర్‌తో నడిచేది) ఉంది, దాని అవుట్‌పుట్‌ని లాచ్ చేసుకోవచ్చంటున్నారు, స్క్రీన్ నుంచే రీసెట్ కూడా. అప్పుడు విడిగా 86 కొనడం ఖర్చే కదా?

సెట్టింగ్స్ డెస్క్:
చిన్న మోటార్ ఫీడర్లకు అలా చేస్తారు, తప్పు లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కి, బస్‌బార్‌కి మాత్రం విడి 86 తీసేయమని నేను ఎవరికీ చెప్పను. న్యూమరికల్ రిలేలో లాచ్ అంటే చాలాసార్లు సాఫ్ట్‌వేర్ గుర్తుంచుకోవడమే, అవుట్‌పుట్ బైస్టేబుల్ రకం (సప్లై పోయినా ఉన్న స్థితిలోనే ఆగేది) కాకపోతే ఆక్సిలరీ సప్లై పోగానే కాంటాక్ట్ వదిలేస్తుంది, తెగి ఉన్న క్లోజింగ్ సర్క్యూట్ మళ్లీ కలిసిపోయినట్టే. పైగా ఆ రిలేనే పాడైతే ట్రిప్, లాకౌట్ రెండూ కలిసి పోతాయి. దూరం నుంచి రీసెట్ కావాలంటే ఎలక్ట్రికల్ రీసెట్ ఉన్న 86లు దొరుకుతాయి, మనుషులు లేని సబ్‌స్టేషన్లకు వాడతారు. మీ దగ్గర ఇరవై నాలుగు గంటలూ షిఫ్ట్ ఉంది కాబట్టి హ్యాండ్ రీసెట్‌నే ఉంచండి. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని మౌస్‌తో రీసెట్ చేయడం మొదలైతే యార్డులోకి వెళ్లి చూసేవాళ్లు ఉండరు.

రిలే టెస్టింగ్:
తమ్ముడూ, వర్షం అన్నావు కాబట్టి బుకోల్జ్ టెర్మినల్ బాక్స్‌లో నీళ్లు చేరాయేమో చూడు. కేబుల్ గ్లాండ్ సరిగ్గా బిగించకపోతే ఇది వానాకాలంలో మామూలే, నీళ్లు కాంటాక్టును షార్ట్ చేసి లోపల ఫాల్ట్ లేకుండానే ట్రిప్ ఇస్తాయి. అలాగని నీళ్లు కనబడగానే అదే కారణమని తేల్చేయకు. రిలేలో గ్యాస్ చేరిందా, చేరితే దానికి మంట అంటుకుంటుందా చూడాలి, గ్యాస్ తీసే పని ట్రాన్స్‌ఫార్మర్ ఆఫ్‌లో ఉండగా తెలిసినవాళ్లతోనే. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్ష), టర్న్స్ రేషియో, వైండింగ్ రెసిస్టెన్స్ చేయించు. నూనె శాంపిల్ డీజీఏకి (నూనెలో కరిగిన గ్యాసుల పరీక్షకి) పంపు, ఎసిటిలీన్ ఎక్కువగా వస్తే లోపల ఆర్క్ వచ్చిందని అర్థం, అప్పుడు తయారీదారుని పిలవాల్సిందే. ఇప్పుడు నడుస్తోంది కాబట్టి కనీసం ఆ శాంపిల్ ఈ వారమే తీయించు.

ఇంకొకటి, ఎప్పుడైనా 86 హ్యాండిల్ రీసెట్ చేస్తే నిలవకుండా మళ్లీ ట్రిప్ అవుతుంటే దాన్ని చేత్తో పట్టుకుని ఉంచడం, తాడు కట్టడం చేయొద్దు. ఇనిషియేట్ చేసిన కాంటాక్ట్ ఇంకా మూసే ఉందని అది చెప్తోంది. ఆ కాంటాక్ట్ ఏదో ముందు పట్టుకో. లాగ్‌బుక్‌లో ఏ ఫ్లాగ్ పడింది, ఏ టైముకి, ఎవరు చూశారు, ఎవరి పర్మిషన్‌తో రీసెట్ చేశారు, ఈ నాలుగూ రాయి. మొన్నటి ట్రిప్‌కి రాయకపోతే ఇవాళైనా రాసి మీ ఇన్‌చార్జితో సంతకం పెట్టించు.