మొదటిసారి మూడు రోజుల స్టేజ్ రేసు: ఏ రోజు ఎంత శక్తి పెట్టాలి?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

అందరికీ నమస్కారం. కొంతకాలంగా వారాంతాల్లో మిత్రులతో కలిసి నంది హిల్స్ దాకా సైకిల్ తొక్కుతున్నాను. ఒకరోజు రేసుల్లో పాల్గొన్నాను గాని, రోజు వెంట రోజు సాగే స్టేజ్ రేసు నాకు ఇదే మొదటిది. రెండు నెలల్లో జరగబోయే ఈ రేసులో తొలిరోజు సుమారు వంద కిలోమీటర్ల రోడ్ స్టేజ్, రెండో రోజు పదిహేను కిలోమీటర్ల వ్యక్తిగత టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరుగా బయలుదేరి గడియారంతో పోటీపడేది), మూడో రోజు కొండ మీద ముగిసే స్టేజ్ ఉన్నాయి. తొలిరోజే శక్తి అంతా ఖర్చు చేస్తే మూడో రోజు కాళ్లు కదలవేమోనన్న భయం ఒకవైపు, వెనకబడితే పోయిన సమయం తిరిగి రాదన్న భయం మరోవైపు ఉన్నాయి. ఉద్యోగం వల్ల వారానికి ఎనిమిది, పది గంటలకు మించి సాధన కుదరదు. ఈ రెండు నెలలు ఎలా సిద్ధపడాలో, ఏ రోజుకు ఎంత దాచుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (హెబ్బాళ)

స్టేజ్ రేసులో విజేతను తేల్చేది అన్ని రోజుల సమయాల మొత్తం. అయితే రోడ్ స్టేజ్‌లో ఒకే గుంపుగా గీత దాటినవారందరికీ ఒకే సమయం వేస్తారు కనుక, ముందు వచ్చినవారికి సమయంలో తగ్గించే బోనస్ సెకన్లను పక్కన పెడితే, ఆ గుంపులో ముందున్నవారికీ చివరనున్నవారికీ లెక్కలో తేడా ఉండదు. అందువల్ల తొలిరోజు మీ పని ఒక్కటే: వీలైనంత తక్కువ ఖర్చుతో ప్రధాన గుంపులో ఉండి గీత దాటడం. చదును రోడ్డు మీద గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో మన శ్రమలో అత్యధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ముందువారి చక్రం వెనుక దగ్గరగా తొక్కితే అందులో పావు వంతుకు పైగా మిగులుతుంది. మొదటి రేసులో గుంపును ముందుండి లాగాలన్న ఉత్సాహాన్ని అణచుకోవడమే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

అలాగని తోకలో ఉండిపోకండి. ప్రతి మలుపులోనూ ముందువారు కొద్దిగా బ్రేకు వేసి సాగిపోతారు, తోకలోవారు దాదాపు ఆగి మళ్లీ పూర్తి బలంతో అందుకోవలసి వస్తుంది. వంద కిలోమీటర్లలో ఇలాంటి పరుగులన్నీ కలిస్తే మూడో రోజు కాళ్లను ముందే వాడేసినట్టే. గుంపులో ముందు మూడో వంతులో ఉండటానికి ప్రయత్నించండి. మీ ముందు చక్రాన్ని ఎదుటివారి వెనుక చక్రం పక్కకు మాత్రం ఎన్నడూ చేర్చకండి. వారు జానెడు పక్కకు జరిగి చక్రాలు తగిలితే సాధారణంగా కింద పడేది మీరే, వారు కాదు. ఈ అలవాటు రేసు రోజున రాదు, ఇప్పటి నుంచే గుంపు రైడ్లలో చేసుకోవాలి.

కొండ మీద లెక్క వేరు. వేగం తగ్గేకొద్దీ చక్రం వెనుక దొరికే లాభమూ తగ్గిపోతుంది కనుక, ఇతరుల వేగాన్ని పట్టించుకోకుండా మీ లయలోనే ఎక్కండి. మొదటి కిలోమీటరులో ఆత్రపడి వెళ్లినవారిలో చాలామంది సగంలోనే దొరికిపోతారు.

సాధన విషయానికి వస్తే, శనివారం దేవనహళ్లి మీదుగా నందికి వెళ్లి కొండ ఎక్కి రండి, ఆదివారం అలసిన కాళ్లతోనే మూడు గంటలు చదును రోడ్డు మీద తొక్కండి. ఈ ఆదివారమే మీకు అసలైన శిక్షణ. వారం మధ్యలో ఒకటి రెండు రోజులు ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండ్) మీద ఇరవై నిమిషాల చొప్పున రెండు గట్టి విడతలు చాలు. ప్రతి నాలుగో వారం గంటలు తగ్గించండి. చివరి పది రోజుల్లో వాటిని సగానికి తెచ్చి, చిన్న చిన్న తీవ్ర విడతలను మాత్రం కొనసాగించండి.

జవాబు (జయనగర)

హెబ్బాళ వారి మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే మూడో రోజు కాళ్లు ఉంటాయా లేదా అన్నది తొలిరోజు మీరు తిన్నదాని మీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది. తొక్కేటప్పుడు గంటకు కనీసం అరవై గ్రాముల పిండి పదార్థం లోపలికి వెళ్లాలి. ఒక పెద్ద అరటిపండులో పాతిక, ముప్పై గ్రాములే ఉంటాయి కాబట్టి, సీసాలో కలుపుకొన్న గ్లూకోజు లేదా జెల్ తోడు కావాలి. ఆకలి వేసేదాకా ఆగకుండా, మొదటి అరగంటలోనే మొదలుపెట్టండి. గీత దాటిన తరువాత ఫొటోల కంటే ముందు భోజనం చూసుకోండి. పెరుగన్నం, ఉడికించిన బంగాళాదుంప, మజ్జిగ మన కడుపుకు అలవాటైనవే, ఆ వేళకు చక్కగా సరిపోతాయి. ఉప్పు వేయడం మరచిపోకండి. స్టేజ్‌కు ముందూ తరువాతా బరువు చూసుకుంటే, తగ్గిన ప్రతి కిలోకు సుమారు లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా సాయంత్రంలోగా నెమ్మదిగా తాగాలని తెలుస్తుంది. రేసులో తినేదాన్ని సాధనలో తిని చూసి ఉండాలి.

ఇంకొక మాట, దీన్ని చాలామంది చెప్పడానికి మొహమాటపడతారు. సీటు రాపిడి వల్ల పుండ్లు పడితే కాళ్లు బాగున్నా కూర్చోలేరు. స్టేజ్ అయిన వెంటనే బిబ్ (మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు) విప్పి స్నానం చేయండి, రోజుకొక శుభ్రమైన జత ఉంచుకోండి.

జవాబు (కె.ఆర్. పురం)

గుంపులో ఉంటే చాలన్న మాటకు నేను ఒక హద్దు పెడతాను. గుంపు మధ్యలో చీలిక వస్తే వెనుకవారికి వేరే సమయం పడుతుంది, కనుక చివరి కిలోమీటర్లలో ఏమరుపాటు పనికిరాదు. కొన్ని సెకన్లే ఫలితాన్ని మార్చేయగలవు: 1989 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసులో మూడు వారాల తరువాత, చివరి రోజు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌కు ముందు లారెంట్ ఫిన్యోఁ యాభై సెకన్ల ఆధిక్యంలో ఉన్నాడు. గ్రెగ్ లెమాండ్ ఆ ఒక్క ఉదుటున దాన్ని దాటి ఎనిమిది సెకన్ల తేడాతో గెలిచాడు. మీ టైమ్ ట్రయల్‌లో చక్రం వెనుక దాక్కోవడానికి వీలుండదు. ముందుగా ఇరవై నిమిషాలు శరీరాన్ని వేడెక్కించి, మొదటి మూడు కిలోమీటర్లు కావాలనే కాస్త అణచుకొని, తరువాత పెంచుకుంటూ పోండి. కొండకు వెనుక, పెద్ద గేరుకు 34 పళ్లున్న క్యాసెట్ (గేర్ల పళ్లచక్రాల కట్ట) వేసుకోండి, దిగేటప్పుడు బ్రేకును అదేపనిగా పట్టి ఉంచకుండా, మలుపుకు ముందే గట్టిగా వేసి మలుపులో వదిలేయండి.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. తొలిరోజే ప్రధాన గుంపు నుంచి జారిపోతే ఏం చేయాలి?

జవాబు (హెబ్బాళ)

ఒంటరిగా వెంటాడకండి. మీలాగే జారినవారు వెనుక వస్తుంటారు, వారిని కలుపుకొని, ఒక్కొక్కరు అర నిమిషం చొప్పున వంతులవారీగా ముందుండి తొక్కండి. మీరు చూసుకోవలసింది సమయ పరిమితి. దాన్ని సాధారణంగా విజేత సమయంలో ఇంత శాతం అని నిర్ణయిస్తారు. విజేతకు రెండు గంటల నలభై నిమిషాలు పట్టి, పరిమితి పదిహేను శాతం అయితే, మీకు ఇరవై నాలుగు నిమిషాల వెసులుబాటు ఉన్నట్టు. మీ రేసులో ఆ శాతం ఎంతో నిర్వాహకులు ఇచ్చే నియమావళిలో ముందే చదివి, ఒక చీటీ మీద రాసి స్టెమ్‌కు (హ్యాండిల్‌ను పట్టి ఉంచే కడ్డీకి) అంటించుకోండి.