గుహ బొమ్మలకు త్రీడీ స్కానింగ్ దేనికి? ఫొటోలు చాలవా?

పెళ్లి కెమెరా:
అమెరికాలోని అలబామాలో ‘19వ పేరులేని గుహ’ అని ఒకటి ఉందట. పైకప్పు మీది బొమ్మల కోసం 16 వేలకు పైగా ఫొటోలు తీసి త్రీడీ నమూనా చేశారని చదివాను. ఇంత శ్రమ ఎందుకు? నేను పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. వెడల్పు లెన్సు పెడితే కల్యాణమండపమంతా ఒక్క ఫ్రేములో వస్తుంది. వెటకారం కాదండీ, తెలియకే అడుగుతున్నాను.

సర్వే గొలుసు:
మండపంలో మీరు వెనక్కి జరగగలరు. అక్కడ కొన్నిచోట్ల నేలకూ పైకప్పుకూ మధ్య రెండడుగులే. వెల్లకిలా పడుకుంటే బొమ్మలో ఒక ముక్క కనిపిస్తుంది, అంతే. అన్నిటికన్నా పెద్దది 3.37 మీటర్లు! పైగా అవి రంగులు కావు, పైకప్పుకు అంటిన పలుచని బురద పొరలో గీసిన గీతలు. గుహలో బొమ్మలున్నాయని 1990ల చివర్లోనే తెలుసు. ఈ పెద్దవి మాత్రం నమూనా తయారయ్యాకే బయటపడ్డాయి. పురావస్తు శాస్త్రవేత్త జాన్ సైమెక్ బృందం 2022లో ‘యాంటిక్విటీ’ అనే పురావస్తు పత్రికలో వాటిని ప్రకటించింది.

చేసే పని ఇది: పక్కపక్క ఫొటోలు సగానికి పైగా ఒకదానిమీద ఒకటి పడేలా తీస్తారు. ఒకే బిందువు వేర్వేరు ఫొటోల్లో ఎక్కడ పడిందో చూసి, సాఫ్ట్‌వేర్ దాని స్థానాన్ని లెక్కగడుతుంది. ఆ నమూనాకు నేల అడ్డం రాదు. ఎంత దూరం నుంచైనా చూడవచ్చు.

ఎర్రమట్టి:
గొలుసు గారు చెప్పింది నిజమే కానీ, త్రీడీని సర్వరోగ నివారిణిని చేయకండి. వెలిసిపోయిన ఎర్రమట్టి రంగుకు మందం ఉండదు, ఆకారం కొలిచి లాభమేముంది? అక్కడ రంగుల తేడాను పెంచి చూపే ‘డీస్ట్రెచ్’ లాంటి పద్ధతే దారి. స్పెయిన్‌లోని ఆల్టమిరా గుహ సంగతి వేరు: రాతి ఉబ్బులనే అడవిదున్నల శరీరాలుగా వాడుకున్నారు, కాబట్టి రంగూ ఆకారమూ రెండూ కావాలి. ఇంకొక మాట. బొమ్మ మెరుస్తుందని రాతిమీద నీళ్లు చల్లి ఫొటో తీసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, బొమ్మ పాడవుతుంది.

పెళ్లి కెమెరా:
ఇప్పుడు అర్థమైంది. మరి లైటు? లోతు తెలియాలంటే పక్కనుంచి వేయాలి కదా?

సర్వే గొలుసు:
తీసేటప్పుడు వద్దు. నీడలు జరిగితే సాఫ్ట్‌వేర్ తడబడుతుంది, అంతటా సమానమైన వెలుగే మేలు. పక్కవెలుతురు తర్వాత నమూనామీద, ఏ కోణం కావాలంటే ఆ కోణంలో వేసుకోవచ్చు.